దానిమ్మ మొదట్లో తడి

2003 జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. నీడలో ముప్పై డిగ్రీలు. పడమటి గాలి తెరిపి లేకుండా వీస్తోంది. ఆకాశంలో ముప్పాతిక భాగం మబ్బు, నేల మీద ఒక్క చినుకు లేదు. అనంతపురం మీదుగా పోయే జూన్ మబ్బులు చుట్టాలు కావు, బాటసారులు. పిలిస్తే ఆగవు.

క్రితం వారం మనం సునందను యంత్రం గది గడప మీద విడిచివచ్చాము. ఆమె చేతిలో కాలిపోయిన రెండో బోర్డు ఉంది. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవారి కోసం ముందు జరిగినది నాలుగు మాటల్లో చెప్పాలి.

జిల్లా విత్తన రైతుల సమాఖ్యకు బుక్కరాయసముద్రం దారిలో ఒక కంప్యూటరు కేంద్రం ఉంది, దాన్ని నడిపేది సునంద. అందులో నిలువెత్తు బీరువాలాంటి సర్వరు. సబ్సిడీ వేరుశనగ విత్తనక్కాయలు అందుకోవలసిన రైతుల పేర్లు, భూముల వివరాలు దానిలో ఉంటాయి. విడపనకల్లులో గానీ మడకశిరలో గానీ రైతు చేతికి చీటీ రావాలంటే ఇక్కడి యంత్రం ఔననాలి. నిరుడు తొలి వాన పడిన రోజున జిల్లా అంతా ఒక్కసారిగా అడిగేసరికి పాత ప్రాసెసర్లకు ఊపిరి చాలక అది మూగబోయింది. వరసల్లో నిలబడినవారు చీటీ లేకుండా వెనుదిరిగారు, అదను దాటిపోయింది. అందుకే ఈ ఏడు మూడు కొత్త బోర్డులు తెప్పించారు. ఒక్కొక్క దాని మీద నాలుగేసి ప్రాసెసర్లు, పాతవాటికన్నా ఎంతో వేగమైనవి. వాటిని బిగించడానికి నిర్వహణ కంపెనీ ఇంజనీరు దివాకర్ ఆదివారం వచ్చాడు. సోమవారం పెట్టిన మొదటి బోర్డు పెట్టిన క్షణంలోనే కాలిపోయింది. రెండోదీ అంతే. తప్పెవరిదో తేల్చడానికి ఆ కంపెనీ మేనేజరు శ్రీకాంత్ బెంగళూరు నుంచి తెల్లవారేసరికి జీపులో దిగాడు.

ఇప్పుడు సర్వరు ఒకే ఒక్క పాత బోర్డు మీద నడుస్తోంది. తీసిన పాత బోర్డును తిరిగి పెట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. కొత్తది ఒక్కటే మిగిలింది. పెట్టెలో, వెండిరంగు సంచిలో, ముద్ర విప్పకుండా.

శ్రీకాంత్ కోపిష్ఠి కాడు. అదే ఇబ్బంది. కోపిష్ఠి మాటలను గాలికి వదిలేయవచ్చు. ఇతను గొంతు పెంచకుండా, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"ఒక బోర్డు పోతే బోర్డులో లోపం అనుకోవచ్చు మేడం. రెండూ పోయాయంటే పెట్టిన చేతిలో లోపం. దివాకర్ గారు మణికట్టు పట్టీ కట్టుకుని ఉండరు."

ఎండు గాలిలో మనిషి ఒంటి మీద కంటికి కనబడని విద్యుత్తు పేరుకుంటుంది. నైలాను చీర విప్పేటప్పుడు చిటపటలాడేది అదే. మనకది చిన్న చురుక్కు, ప్రాసెసరుకు పిడుగు. అందుకని బోర్డును తాకేవారు మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుంటారు. పట్టీకి ఒక తీగ, ఆ తీగ భూమిలోకి. ఒంటి మీది విద్యుత్తు ఆ దారిన దిగిపోతుంది.

"కట్టుకొనే ఉన్న్యా సార్," అన్నాడు దివాకర్. నలభై అయిదేళ్ల మనిషి. మడకశిర వాడు. బెంగళూరులో ఇరవై ఏళ్లున్నా మాట మారలేదు. "ఇన్నేండ్లలో పట్టీ లేకుండా బోర్డు ముట్టింది లేదు."

"వదులుగా ఉండవచ్చు కదా?"

"నా పెండ్లాం కట్టిన తాళి మాదిరి ఉండాది సార్, బిర్రుగా."

"తాళి కట్టేది మీరు కదండీ."

"మా ఇంట్లో ఎవురు కట్టినారో మీకేం తెలుసు సార్?"

శ్రీకాంత్ నవ్వలేదు గానీ నవ్వు ఆపుకున్నట్టు కనిపించాడు. తర్వాత సునంద వైపు తిరిగాడు.

"గదిలో ఉన్నది మీరొక్కరే. పట్టీ వదులుగా ఉండటం చూశానని మీరంటే, తప్పు మా ఇంజనీరుది. రెండు బోర్డులూ మా ఖర్చుతో గురువారానికి ఇక్కడ ఉంటాయి. పట్టీ సరిగ్గానే ఉందని మీరంటే, తప్పు మీ స్థలంలో ఎక్కడో ఉందని అర్థం. అప్పుడు బోర్డులు మీ సమాఖ్య కొనుక్కోవాలి. ఆ అనుమతులు వచ్చేసరికి ఈ విత్తనాల కారు దాటిపోతుంది."

"మరి దివాకర్ గారు?"

"రెండు బోర్డులు కాల్చిన మనిషిని కంపెనీ ఉంచుకోదు మేడం."

 పట్టీ బిగుతుగా ఉండటం సునంద చూసింది. చూడటమేమిటి, ఆమే దాని బక్కిలు సరిచేసింది. మణికట్టు మీద ఆమె వేళ్లు ఆనిన ఆ అరక్షణం ఆమెకు నిన్నటి నుంచి గుర్తుంది. ఎందుకు గుర్తుందో ఆమె తనను తాను అడగలేదు.

"రాసెయ్యండి మేడం," అన్నాడు దివాకర్, కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తూ. "ఈ గాలి నిలబడితే వాన దిగుతాది. జనానికి కాయలు గావల్ల. నాకేం, ఊర్లో మా నాయన పెట్టిన చింతతోపు ఉండాది. చింతకాయ రాల్చుకుంటా బతుకుతా."

"ఒక గంట సమయం ఇవ్వండి," అంది సునంద.

*

ఆమె ఒంటరితనానికి చెప్పుకోదగిన విషాదం ఏదీ లేదు. గణితంలో ఎమ్మెస్సీ చదివింది. తల్లి మంచాన పడితే పెళ్లిమాట వాయిదా పడింది. తల్లి పోయేసరికి ఆ మాట ఎత్తేవారు లేకపోయారు. అన్న బళ్లారిలో స్థిరపడ్డాడు. కేంద్రం వెనుక ఒంటిగది క్వార్టర్సు ఇచ్చారు కాబట్టి ఊరికి దూరమైంది, ఊరికి దూరమైంది కాబట్టి వచ్చేపోయేవారు తగ్గారు. చిన్న కారణాలే, ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరికైనా ఉండేవే. సన్నని పోగులే మరి చీర అవుతాయి.

అయిదేళ్లుగా ప్రతి సోమవారం ఉదయం దివాకర్ బెంగళూరు నుంచి ఫోను చేసేవాడు. యంత్రం వేడెక్కుతోందా, దీపాలన్నీ పచ్చగా ఉన్నాయా, చప్పుడేమైనా మారిందా అని అడగడం అతని ఉద్యోగం. అవి అడిగాక, "వానేమన్నా పడిందా మేడం ఆ పక్క?" అనేవాడు. అది ఉద్యోగంలో లేదు. "లేదండీ, మీ పక్క?" అనేది ఆమె. "మబ్బులు పోతాండాయి, అంతే." ఈ రెండు మాటల కోసం ఆమె సోమవారం ఉదయం ఇంకొక పని పెట్టుకునేది కాదు. ఆదివారం సాయంత్రం మనిషి కళ్ల ముందు నిలబడి, మా తోటది అంటూ చింతపండు పొట్లం చేతికిచ్చినప్పుడు, ఫోనులో అంత చనువుగా ఉన్న గొంతుకు ఏం జవాబు చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఇప్పుడు ఆమె కేంద్రం చుట్టూ నడుస్తోంది. ఆలోచన ఒక్క దారిన సాగుతోంది. పట్టీ సరిగ్గా ఉంది. అయినా బోర్డు కాలింది. అంటే విద్యుత్తు చేతి నుంచి రాలేదు. చేతి నుంచి కాకపోతే యంత్రం నుంచి రావాలి. యంత్రం ఒంటి మీద విద్యుత్తు నిలవకూడదు, ఎందుకంటే దానికీ భూమిలోకి ఒక తీగ ఉంది. ఆ తీగ దిగేది ఎర్త్ గుంతలోకి.

ఆమె నడక ఆగిపోయింది.

గుంత భవనం వెనుక ఉంది. నిలువులోతు తవ్వి, అడుగున రాగి పలక పెట్టి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా కూరి, పైన సిమెంటు మూత వేసిన గుంత. భూమి తడిగా ఉంటేనే అది భూమి, లేకపోతే వట్టి దుమ్ము. ఈ సీమలో భూమి తనంత తాను తడిగా ఉండదు గనుక ప్రతి ఉదయం రెండు బిందెల నీళ్లు పోయాలి. కేంద్రం పెట్టిన నాటి నుంచి ఆ పని బయమ్మది. ఊడవడం, తుడవడం, గుంతకు నీళ్లు పోయడం. అరవై దాటిన మనిషి. దేవుడి పనిలా చేసేది.

సునంద మూత జరిపింది. లోపలి ఉప్పు తెల్లగా పెళుసుబారి ఉంది. చెయ్యి పెడితే బూడిదలోకి పెట్టినట్టు దిగిపోయింది. గాలికి బొగ్గుపొడి లేచి ఆమె ముఖం మీద పడింది. నిన్నా మొన్నా ఎండిన ఎండు కాదది. నెలల ఎండు.

అంతలో బయమ్మ చంకన బిందెతో మూల తిరిగింది. గుంత దగ్గర ఆగలేదు, అటు చూడనైనా లేదు. నేరుగా క్వార్టర్సు వైపు నడిచింది. సునంద వెనుకే వెళ్లింది.

గది ముందర ఒక దానిమ్మ చెట్టు ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడు సునంద నాటినది. సాయంత్రాలు ఆమె కూర్చునే బండ దాని పక్కనే. నిరుడు మాఘంలో బోరు ఎండిపోయి, ట్యాంకరు రోజు విడిచి రోజు రావడం మొదలైనప్పుడు ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. జనం బిందెడు నీళ్లకు కొట్లాడుకుంటున్నప్పుడు చెట్టుకు పోయడం తగదు. ఆ రోజు నుంచి చుక్క పోయలేదు. చెట్టు చావలేదు. వేసవిలో ఊరి వేపలే వాడిపోతుంటే అది చిగురించింది, పూసింది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ చెట్టు తన కోసమే బతకదలచిందని ఆమె నమ్మింది. చదువుకున్న మనిషి నమ్మదగిన మాట కాదని తెలిసీ నమ్మింది.

బయమ్మ వంగి బిందె వంచింది. దానిమ్మ మొదట్లో మట్టి నల్లగా తడిసింది, సునంద పనిలో ఉండే వేళ పోస్తే సాయంత్రానికి ఆరిపోయే తడి.

"బయమ్మా."

ఆమె ఉలికిపడలేదు. బిందెలోని చివరి నీళ్లు కూడా పోసి, నడుము పట్టుకుని లేచింది.

"ఏమ్మా, పొద్దున్నే కాఫీ గూడా తాగకుండా ఈడ తిరుగుతాండావు?"

"ఈ నీళ్లు గుంతకు పోయాల్సినవి కదా?"

"అవును."

"ఎప్పట్నుంచి ఇక్కడ పోస్తున్నావు?"

"నువ్వు నిలిపినావే, అప్పట్నుంచి." బయమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "గుంతలో ఏముండాది తల్లీ? బొగ్గు. ఉప్పు. పోసిందంతా తాగుతాది, ఒక ఆకు గూడా ఇయ్యదు. ఈ చెట్టన్నా పచ్చగుండాది."

"అది యంత్రం కోసం, బయమ్మా."

"యంత్రం దప్పికంటుందా? సల్లగా గదిలో ఉండాది, దానికి ఏసీ గూడా పెట్టినారు. నాకు లేదు ఏసీ." ఆమె గొంతు తగ్గింది. "నువ్వు సాయంత్రం ఆ బండ మీద కూచుంటావు. ఫోను లేని రోజు ఎవురితోనూ పలకవు. నేను గేటు కాడ్నుంచి సూస్తాండా గదా. ఆ చెట్టు ఆకులు తుడుస్తావు. దానితో ఏందో అంటావు. అది గూడా ఎండిపోతే నువ్వు ఎవురితో పలుకుతావమ్మా? అందుకని పోసినా."

సునంద బండ మీద కూర్చుంది. ఇంత మంది నడిచే లోకంలో తనను చూస్తున్న మనిషి ఒకరున్నారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చూసినందువల్లనే చెట్టు బతికింది. చెట్టు బతికినందువల్లనే గుంత చచ్చింది. గుంత చచ్చినందువల్లనే లోపల ఒక మనిషి ఉద్యోగం దానిమ్మ పువ్వులా తొడిమకు వేలాడుతోంది. కారణాల తాడు చివరి కొస ఎక్కడుందా అని పొద్దుటి నుంచి వెదికింది. అది తాను కూర్చున్న బండకే కట్టి ఉంది.

"ఏమయింది? తప్పు జేసినానా?"

"లేదు," అంది సునంద. ఆ వెంటనే, నిజం కాని మాట అనడం అలవాటు లేనందున, "తప్పే జరిగింది. చేసింది నువ్వొక్కదానివే కాదు," అంది.

*

యంత్రం గదిలో ఆమె వోల్టు మీటరు తీసి దివాకర్ చేతికిచ్చింది.

"ఒక తీగ సర్వరు ఒంటికి ఆనించండి. ఇంకొకటి మీ పట్టీ తీగకు."

పట్టీ తీగ, బోర్డును పెట్టే నల్లటి చాప తీగ, రెండూ కిటికీలోంచి బయటికి పోయి బోరు ఇనుప గొట్టానికి కట్టి ఉంటాయి. ఆ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నదే. బోరులో నీళ్లు లేకపోయినా గొట్టం లోతుకు దిగి ఉంది, అక్కడ ఇంకా తేమ ఉంది. సర్వరు తీగ మాత్రం గుంతలోకి. రెండు చోట్లా తడి ఉన్నంత కాలం రెండూ ఒకే భూమి. ఒకటి ఎండిన రోజు నుంచి రెండు వేరువేరు భూములయ్యాయి.

మీటరు ముల్లు ఊగి డెబ్బై దాటి నిలిచింది.

దివాకర్ ఊపిరి వదిలాడు. "ఒంటి నిండా కరెంటు పెట్టుకొని కూచుండాది ఇది. నేను బోరు భూమి మీదుండే బోర్డును తెచ్చి దీంట్లోకి తోసినా. తగిలిన సందుననే దుంకింటాది."

శ్రీకాంత్ వంగి ముల్లును తనే చూశాడు. మరొకసారి ఆనించమన్నాడు. మళ్లీ డెబ్బై దాటింది. అతను నిటారుగా నిలబడినప్పుడు అతని ముఖంలో తేలిక కనిపించింది, తన మనిషి తప్పు చేయలేదని.

"గుంత ఎండిపోయిందన్నమాట. రోజూ నీళ్లు పోసేదెవరు మేడం?"

బయమ్మ చీపురుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"గుంత బాధ్యత నాది," అంది సునంద.

"నేనడిగింది పోసే మనిషి గురించి."

"నేను చెప్పింది బాధ్యత గురించి. ఏడాదికి పైగా నేను మూత తీసి చూడలేదు. మీరు రాయవలసింది అదే."

శ్రీకాంత్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "సరే. అలాగే రాస్తాను. మీ సమాఖ్యవారు శుక్రవారం విచారణ పెడతారు, అక్కడ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఇంకొక మాట. విచారణ నడుస్తున్న స్థలానికి, సాక్ష్యంతో సంబంధమున్న ఇంజనీరును పంపకూడదని మాకు నియమం. ఈ ఒక్క బోర్డు బిగించాక ఈ కేంద్రం దివాకర్ గారిది కాదు. సోమవారం ఫోను కూడా ఇంకొకరు చేస్తారు."

ఆ మాట వస్తుందని సునంద ఎదురుచూడలేదు. ఎదురుచూసి ఉన్నా వేరొకటి చెప్పి ఉండేది కాదు. నష్టం తెలిసినా తాను మాట మార్చేది కాదని అప్పుడే తెలియడం ఆమెకు ఒక విధంగా మేలే అయింది.

తర్వాతి పని పనిగానే సాగింది. డ్రమ్ములో ట్యాంకరు నీళ్లు ఎన్ని ఉన్నాయో అన్నీ, కొత్త ఉప్పు కలిపి, గుంతలో పోశారు. "మా ఇంట్లోవి గూడా పోసెయ్," అని బయమ్మ రెండు బిందెలు తెచ్చింది. ఈసారి గుంత నోట్లోనే వంచింది, తిట్టుకుంటూ. "తాగు, తాగు, మనుషులను తినేది." భూమికి ఆ తడి ఎక్కే వరకు మధ్యాహ్నం దాకా కాచుకున్నారు. ముల్లు డెబ్బై నుంచి దిగుతూ దిగుతూ సున్నా పక్కకు వచ్చి వాలింది. దివాకర్ అంతటితో తృప్తిపడక, పట్టీ తీగనూ చాప తీగనూ బోరు నుంచి విప్పి సర్వరు ఒంటికే కట్టాడు. ఇక బోర్డుకూ యంత్రానికీ ఒకే భూమి.

యంత్రం ఆగకూడదు, నడుస్తుండగానే బోర్డు ఎక్కాలి. దివాకర్ వెండిరంగు సంచి విప్పి, బోర్డును రెండు చేతులా ఎత్తి, గాడికి ఎదురుగా పట్టుకున్నాడు. ముందు సునంద వైపు చేయి చాచాడు. పట్టీ చూడమని. ఆమె చూసింది. బక్కిలు సరిగ్గానే ఉంది. అయినా ఒకసారి తాకింది.

బోర్డు జారింది. పిడులు రెండూ ఒకేసారి మూసుకున్నాయి. పసుపుదీపం వెలిగింది. గదిలో నలుగురి చూపూ ఆ దీపం మీదే ఉంది. యంత్రం కొత్త ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా పలకరించి, పరీక్షించి, లెక్కలోకి తీసుకుంటోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదాని దగ్గర చాలాసేపు నిలిచింది.

పచ్చదీపం.

"ఈ ఒక్కటి చాలునా?" అన్నాడు శ్రీకాంత్.

"మూడు చేయాల్సిన పని ఒకటి చేస్తాది సార్," అన్నాడు దివాకర్. "రోంత ఆలస్యంగా. నిలబడిపోదు మాత్రం."

జీపు ఎక్కేముందు అతను సునంద దగ్గరకు వచ్చాడు. ఏదో చెప్పబోయి మబ్బుల వైపు చూశాడు.

"వాన పడితే..." అన్నాడు.

"పడితే తెలుస్తుందిలెండి," అంది ఆమె. అంతకన్నా మంచి మాట ఆమెకు రాత్రి పడుకున్నాక దొరికింది.

*

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు సునంద అనంతపురం పోయే బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చింది. అదే గాలి. మబ్బులు రోజుకన్నా కిందుగా ఉన్నాయి. మూడు రోజులుగా దానిమ్మకు ఎవరూ నీళ్లు పోయలేదు, గుంతకు ఆమే పోసింది. ఆకుల అంచులు ముడుచుకోవడం ఆమె చూసింది, తుడవలేదు.

బస్సు ఆగే చోట, ఉతికిన చీర కట్టి, తలకు నూనె రాసి, బయమ్మ కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికి?"

"నువ్వు పోయే కాడికే."

"నీ పేరు నేను చెప్పడం లేదు, బయమ్మా. నువ్వు రానక్కరలేదు."

"నువ్వు చెప్పవని తెలుసు. అందుకే వస్తాండా." ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. "పోసింది నేను. ఎందుకు పోసినానో ఆ పెద్దమనుషులకు నేనే చెప్తా. నువ్వు చెట్టుతో పలికేది గూడా చెప్తా."

"అది చెప్పొద్దు."

"అది చెప్పకుంటే కత యాడుంది తల్లీ?"

బస్సు వచ్చింది. ఇద్దరు పట్టే సీటులో బయమ్మ ముందే కూర్చుని పక్కన చెయ్యి వేసి చోటు ఆపింది. అయిదేళ్లుగా ఆ బస్సులో సునంద పక్కన తెలిసిన మనిషి ఎవరూ కూర్చోలేదు. విచారణలో ఏం చెప్పాలో అప్పటిదాకా ఒక్కొక్క వాక్యం పేర్చుకుంటూ వచ్చిన ఆమె, ఇప్పుడు మొదటి వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టవలసివచ్చింది. చెరువు కట్ట దాటుతుండగా బస్సు అద్దం మీద ఒక చినుకు పడింది. ఒక్కటే. బయమ్మ దాన్ని వేలితో చూపించింది.

మూడో బోర్డు 2012లో ఆ సర్వరును తీసివేసే రోజు వరకు ఒక్కసారి కూడా ఆగలేదు. దివాకర్ ఆ గదికి మళ్లీ రాలేదు.